ఊరికే చెయ్యి ఆనించాను

2008 ఏప్రిల్ 21, సోమవారం. చండ్రుగొండ.

మహిమ ఈరోజు మంచం దగ్గర నుంచి వంటింటి దాకా నడిచింది, గోడ పట్టుకుని. వాకిట్లోకి రమ్మంటే రాలేదు. వాకిట్లో గోడ లేదు.

కట్టు విప్పి రెండు నెలలు దాటింది. కొత్తగూడెం డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి నాకు కూడా చూపించాడు. ఎముక అతికింది, పరుగెత్తినా ఏం కాదు అన్నాడు. క్రిస్మస్ పాటలకు తిరిగేటప్పుడు ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి పడింది పిల్ల. కాలు ఆ సంగతి మరిచిపోయింది, పిల్ల మరిచిపోలేదు.

నడవా గోడకు దాని చెయ్యి ఎత్తున నల్లటి చార పడింది. ఈస్టర్‌కు సున్నం వేయిస్తానన్నారు మా ఆయన. "పిల్ల చెయ్యి తీసినంక వేద్దాంలే" అని ఊరుకున్నారు.

నిన్న ఆరాధన అయ్యాక బడి పెద్ద టీచరమ్మ ఆపింది. "ఒకటో తరగతి మేడమీద ఉంటది విశ్రాంతమ్మా. నువ్వు ఎత్తుకొచ్చి దించిపోతే ఎట్ల? తనంతట తను ఎక్కి రావాలె. లేదంటే వచ్చే ఏడు చూద్దాం." దానికి ఆరేళ్ళు నిండాయి. జూన్ పన్నెండున బడి తెరుస్తారు.

నాకు దిగులు లేదు. ప్రభువు చూసుకుంటాడు.

సాయంత్రం బోరింగు దాకా నడిపించాను. ఆయన కలప డిపో నుంచి సైకిలు మీద వస్తూ చూశారు. "నువ్వు పట్టుకుని నడిపిస్తే అది నడక ఎట్లయితది విశ్రాంతం?" అన్నారు.

పట్టుకోలేదు, ఊరికే చెయ్యి ఆనించాను.

ఏప్రిల్ 24, గురువారం.

డేవిడ్ ఫోన్ చేశాడు. సెలవులకు మహిమను తీసుకుని హైదరాబాదు రమ్మన్నాడు. సంగీతకు దవాఖానాలో నైట్ డ్యూటీలు పడ్డాయట. కొడుకు, కోడలు ఇద్దరికీ షిఫ్టులు కాబట్టే మహిమ రెండో ఏటి నుంచి నా దగ్గర పెరుగుతోంది.

డేవిడ్ అక్కడ ఒక మాల్‌లో ఏసీ మెకానిక్. ఇప్పుడు ఐస్ గడ్డ కట్టించే మిషన్ల దగ్గర వేశారట. "అంత ఐస్ ఎందుకురా, పుల్ల ఐసులు చేస్తరా?" అన్నాను. "కాదమ్మా, దాని మీద జారుతరు" అన్నాడు. జారితే దెబ్బలు తగలవా అంటే నవ్వాడు. "తగులుతయ్. అయినా జారుతరు. దానికి టికెట్ కూడా ఉంటది."

పట్నం మనుషులకు తీరుబడి ఎక్కువ.

ఏప్రిల్ 28, సోమవారం. హైదరాబాదు.

చేరాం. బస్సులో కండక్టర్ "ఇంత పిల్లను చంకన ఏసుకున్నవేందమ్మా, దించు" అన్నాడు. కాలు నొప్పి అని చెప్పాను. అబద్ధం కాదు. డిసెంబరులో నొప్పి ఉండేది.

బోరబండలో రెండు గదుల కిరాయి ఇల్లు. సంగీత శుభ్రంగా పెట్టుకుంది. గోడ మీద వాక్యం క్యాలెండరు ఉంది, మంచం పక్కన బైబిలు ఉంది. ఇవి చూడటానికే వచ్చినట్టు రాస్తున్నాను. కాదు. కళ్ళకు కనిపించాయి అంతే.

సంగీత వాళ్ళది ఏన్కూరు దగ్గర తండా. పెళ్ళికి ముందు బాప్తిస్మం తీసుకుంది. ఏళ్ళు గడిచినా మా సంఘంలో కొందరికి ఇంకా కొత్త పిల్లే. స్త్రీల మైత్రి సెక్రటరీ మంగమ్మ కనిపించినప్పుడల్లా "నీ కోడలు నిలబడిందా?" అంటుంది. నిలబడటమంటే విశ్వాసంలో. నిలబడింది అని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి.

ఏప్రిల్ 30, బుధవారం.

డేవిడ్ పని చేసే చోటు చూశాం.

బయట ఎండకు తారు కరుగుతోంది. లోపల అద్దాల వెనక పెద్ద తెల్లటి మైదానం, చెరువు గడ్డకట్టినట్టు. దాని కింద పైపులుంటాయని, వాటిలో చల్లటి మందు నీళ్ళు తిరుగుతాయని డేవిడ్ చెప్పాడు. వాడి గొంతులో గర్వం వినిపించింది. నాకూ అనిపించింది కానీ పైకి అనలేదు, దిష్టి అనే మాట మనం అనకూడదు కాబట్టి.

అసలు సంగతి రాయాలి. మైదానం చుట్టూ నడుము ఎత్తు గోడ ఉంది. ప్యాంట్లు వేసుకున్న పెద్ద పెద్ద మగవాళ్ళు, కాలేజీ పిల్లలు, బొద్దుగా ఉన్న ఒక సేటమ్మ, అందరూ ఆ గోడ పట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నారు. ఒకాయన గోడను కావలించుకుని "భగవాన్, భగవాన్" అంటున్నాడు.

మహిమ నా చంక దిగింది. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

"నానమ్మా, అందరు నా లెక్కనే" అంది.

తరవాత నవ్వింది. క్రిస్మస్ తరవాత దాని నవ్వు గట్టిగా వినటం ఇదే.

పొద్దున మాల్ తెరవకముందు పిల్లలకు మొదటి పాఠాలు చెప్తారట. స్టాఫ్ పిల్లలకు ఫీజు లేదు. చేర్చుతావా అని డేవిడ్‌ను నేనే అడిగాను. వాడు నా ముఖం చూశాడు. "అమ్మా, నీకు జ్వరం గిట్ల లేదు గద?"

మే 1, గురువారం.

సంగీత వాళ్ళ దవాఖానాలో ఎముకల డాక్టరుకు ఎక్స్‌రే చూపించి వచ్చింది. నిరభ్యంతరంగా ఆడించమన్నాడట, భయం పోతే మంచిదే అన్నాడట.

"నేను ఒప్పుకోనేమో అనుకున్నవా అత్తమ్మా?" అంది సంగీత. "నేను తండాల గుట్టల మీద ఉరికినదాన్ని. భయమంతా మామయ్యకే. ఆయనకు చెప్పినవా?"

చెప్తాలే అన్నాను.

మే 2, శుక్రవారం.

చేర్పించాను. గార్డియన్ అన్న చోట నా సంతకం.

మే నెలలో స్వెట్టరు, మంకీ టోపీ, ఉన్ని మేజోళ్ళు చేత పట్టుకుని ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలో చూశాడు. "అమ్మా, సిమ్లా పోవాలంటే స్టేషన్ అటుదిక్కు." మహిమ వాడికి జవాబు చెప్పింది. "మేం ఐస్ మీదికి పోతున్నం." వాడు మీటరు వేశాడు.

నేర్పే ఆయన పేరు చందూలాల్. పొట్టిగా, గట్టిగా ఉంటాడు, రోడ్డు మీద చక్రాల బూట్లతో మొదలుపెట్టి మంచు మీదికి వచ్చాడట. కాలు సంగతి దాచకుండా చెప్పాను. డాక్టరు చీటీ చదివి తల ఊపాడు. పిల్లకు అడుగున కత్తి ఉన్న బూట్లు తొడిగాడు. బ్లేడ్ అనాలట. కత్తే.

"ఫస్ట్ పాఠం ఏంది సార్, నడుచుడా?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

"పడుడు" అన్నాడు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. నిజంగానే గంటసేపు పడటం నేర్పాడు. మోకాళ్ళు వంచాలి, పక్కకు కూర్చున్నట్టు పడాలి. చేతులు పిడికిళ్ళు పట్టాలి, వేళ్ళు చాపితే ఎవరి బ్లేడ్ అయినా తగులుతుంది. లేచేటప్పుడు ముందు మోకాళ్ళ మీదికి రావాలి, తరవాత ఒక పాదం, ఆ మోకాలి మీద రెండు చేతులు, అప్పుడు లేవాలి. ముందు మోకరించనిదే ఎవరూ లేవలేరు. ఆయన మన విశ్వాసి కాదు, అయినా మాట బాగుంది.

మహిమ పడలేదు. గోడ పట్టుకుని నిలబడి మిగతావాళ్ళు పడటం చూసింది.

నేను గోడ ఇవతల ఉన్నాను. చందూలాల్ సార్ వచ్చి, "అమ్మా, మీరు చెయ్యి తియ్యాలె. మీరు పట్టుకుంటే నేనెవరికి నేర్పాలె?" అన్నాడు.

"పట్టుకోలేదండీ, ఊరికే ఆనించిన."

"ఆనించుడు కూడ బంద్" అన్నాడు.

మే 3, శనివారం.

మా ఆయనకు ఫోన్ చేశాను. మామిడికాయ పచ్చడి సంగతి, మేక ఈనిన సంగతి మాట్లాడుకున్నాం. బిల్లు అవుతుందని పెట్టేశాను.

మే 7, బుధవారం.

ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. దాన్ని నెట్టుకుంటూ పోవాలి. గోడ వదిలి కుర్చీ పట్టుకుంది. ఇదీ మేలే.

ఈసారి నన్ను అద్దం వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. నా ఒక్కదానికే ఈ రూలు పెట్టారేమో అని చుట్టూ చూశాను. అవ్, నా ఒక్కదానికే.

మే 8, గురువారం.

ఈరోజు చండ్రుగొండలో మైత్రి కూడిక. నేను లేకుండా జరగటం చాలా రోజుల తరవాత. రేపు కుర్చీ తీసేస్తామని చందూలాల్ సార్ చెప్పాడు. పదిమంది మోకరించి అడిగితే నాకు ధైర్యంగా ఉంటుందని మంగమ్మకు ఫోన్ చేశాను. ప్రార్థన మనవి రాసుకోమన్నాను.

మంచు అని చెప్తే మంగమ్మ వాళ్ళాయనకు చెప్తుంది, వాళ్ళాయన డిపోలో మా ఆయన పక్కనే కూర్చుంటాడు. విరిగిన కాలును మంచు మీదికి తీసుకుపోయానంటే ఆయన రాత్రికి రాత్రే బస్సెక్కుతారు. అందుకని ఇలా చెప్పాను: "మా పిల్ల జారుతోంది. పడిపోకుండా ప్రార్థన చెయ్యండి."

"అయ్యో ప్రభువా. ఎప్పటి నుంచి?" అంది.

"పోయిన శుక్రవారం నుంచి."

"నువ్వేం బాధపడకు. మేమున్నం. ఉపవాసం పెట్టుకుంటం" అంది. ఎంత మంచి మనసు! ఊరికే ఆడిపోసుకుంటాను నేను మంగమ్మను.

అబద్ధం చెప్పలేదు. ఒక్క మాట తక్కువ చెప్పాను.

మే 9, శుక్రవారం.

కుర్చీ తీసేశారు. పడింది.

నేను బెంచీ మీద నుంచి ఎప్పుడు లేచానో తెలియదు, అద్దానికి చేతులు ఆనించి ఉన్నాను. మహిమ నా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. పిడికిళ్ళు చూపించింది. సరిగ్గా పడ్డానని చెప్తోంది. మోకాళ్ళ మీదికి వచ్చింది, ఒక పాదం పెట్టింది, లేచింది.

ప్రార్థన వృథా కాదు.

మే 12, సోమవారం.

ఈరోజు చాలాసార్లు పడింది. ప్రతిసారీ లేచింది. గోడకు దూరంగా జరిగి నా వైపు చెయ్యి ఊపింది.

కానీ ఒకటి రాయాలి. బూట్లు విప్పి మామూలు చెప్పులు వేయగానే నడవాలో గోడ పట్టుకుంది. మెట్ల దగ్గర ఎత్తుకోమంది.

"మంచు మీద వదిలినవ్ కదే, నేల మీద ఏమైంది?" అని అడిగాను.

"మంచు మీద పడాలె అని సార్ చెప్పిండు. నేల మీద పడొద్దని నువ్వు చెప్పినవ్" అంది.

ఈరోజు ఎండ చాలా ఎక్కువగా ఉంది.

మే 13, మంగళవారం.

ఎండ.

మే 16, శుక్రవారం.

ఇది ఎలా రాయాలో తెలియటం లేదు. రాస్తాను.

సంగీత డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది. వాళ్ళ అమ్మ బాలి ఫోన్ చేసిందట. ఏన్కూరు సంతలో మా సంఘంలోని ఒకావిడ బాలిని పట్టుకుని, "నీ బిడ్డ జారిపోయిందట గద, మళ్ళ పాత దేవుళ్ళను మొక్కుతుందట గద, మేం ఉపవాసాలుంటున్నం" అని ఓదార్చిందట.

మా పిల్ల అంటే కోడలు పిల్ల అనుకున్నారు. జారటం అంటే విశ్వాసంలోంచి జారటం అనుకున్నారు. మా సంఘంలో ఆ మాటకు ఇంకో అర్థమే లేదు. ఉందని నాకే గుర్తు రాలేదు.

జరిగింది చెప్పాను. సంగీత అరవలేదు. అరిచినా బాగుండేది.

"నేనెప్పుడు జారిన అత్తమ్మా? జారేది నీ మనవరాలు, పడేది నా పేరా?" అంది. "ఏడేండ్ల నుంచి ఒక్క ఆదివారం తప్పలే. నైట్ డ్యూటీ చేసి కండ్లు మూతలు పడుతుంటే కూడ పోయి కూసున్న. అయినా ఒక్కరు కూడ, సంగీత గట్ల చెయ్యదు అనలేదా?"

చెప్పులు విప్పి లోపలికి రమ్మన్నాను.

"నువ్వన్న ఉంటే అనేదానివి" అంది మళ్ళీ తనే. "నువ్వు ఇక్కడుంటివి."

మంగమ్మకు ఫోన్ చేశాను. అడవిలో టవర్ పోయిందట, కలవలేదు. మళ్ళీ చేశాను. కలవలేదు.

మే 17, శనివారం.

కలవలేదు.

మే 19, సోమవారం.

పొద్దున తలుపు కొట్టిన చప్పుడు. సంగీత తీసింది. గుమ్మంలో మా ఆయన. చంకలో బైబిలు సంచి, చేతిలో మామిడిపండ్ల బుట్ట. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన ముఖం.

"రండి మామయ్యా" అంది సంగీత. "జారిన కోడల్ని చూడనీకి వచ్చిన్రా?"

ఆయన బుట్ట కింద పెట్టారు. ఆయన సంఘ పెద్ద. జారిన వాళ్ళ ఇళ్ళకు పోయి మాట్లాడటం ఆయన పనే. ఎన్ని గుమ్మాల్లో నిలబడ్డారో. ఈ గుమ్మంలో మాత్రం సంచి ఒక చంకలోంచి ఇంకో చంకకు మార్చుకున్నారు.

"నేను నమ్మలే బిడ్డా" అన్నారు చివరికి. "నమ్మితే పాస్టరు అయ్యగారిని వెంటబెట్టుకుని వద్దును. ఒక్కణ్ణే వచ్చిన. ఏమైందో నీ నోటితో విందామని."

సంగీత నా వైపు చూసింది. చెప్పాల్సింది నేను.

"మంచు" అన్నాను.

"ఏంది?"

"మంచు మీద జారుతోంది. మహిమ. నేనే చేర్పించిన. ఫోన్‌ల ఆ ఒక్క మాట చెప్పలే."

ఆయన బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కాలి మీద కాలు వేసుకోబోయి, దించి, "విరిగిన కాలుతోనా?" అన్నారు. నేను కేకలకు సిద్ధమయ్యాను. ఆయన లోపలికి తొంగి చూసి, "ఏది, నన్ను తోలుకపో" అన్నారు.

మాల్‌లో ఆయన అద్దాలు దాటి గోడ ఇవతల నిలబడ్డారు, చేతులు వెనక్కి కట్టుకుని, డిపోలో దుంగలు లెక్కబెట్టేటప్పుడు నిలబడినట్టు. మహిమ అవతలి గోడ దగ్గర ఉంది. తాతను చూసింది. మధ్యలో అంత తెల్లటి మంచు. ఎవరూ పిలవలేదు. గోడ వదిలి బయలుదేరింది. సగంలో పడింది.

ఆయన గోడ ఎక్కబోయారు. నిజంగానే, పంచె ఎగగట్టి. నేను చొక్కా పట్టుకుని ఆపాను.

"పిడికిలి చూడండి" అన్నాను. "సరిగ్గనే పడ్డది."

అది లేచింది. ఆయన దగ్గరికి వచ్చి గోడకు డీకొని ఆగింది. "తాతా, మళ్ళ పడమంటవా?"

వద్దు బిడ్డా, చాలు, అన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. లోపలి చలికి అద్దాలు మసకబారతాయట.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకున్నారు. తరవాత, "సంఘానికి నువ్వే చెప్పాలె విశ్రాంతం. అందరి ముందర. నేను చెప్తే పెద్దమనిషి కోడలిని కప్పిపుచ్చుకుంటున్నడంటరు" అన్నారు.

చెప్తాను. నాకు భయం లేదు.

మే 20, మంగళవారం.

ఆయన వెళ్ళిపోయారు. మహిమను చంకనెత్తుకుని కిందికి దిగి సాగనంపాను. మెట్ల మీద ఆయన వెనక్కి తిరిగి దాని కాళ్ళు వేలాడటం చూశారు.

మే 26, సోమవారం.

ఇంట్లో చాప పరిచాను, దాని మీద బొంత. తలుపు వేశాను.

"పడు" అన్నాను.

మహిమ నా ముఖంలోకి చూసింది, నేనేనా అన్నట్టు.

"నేల మీద పడొద్దని చెప్పినవ్ గద."

"ఇప్పుడు పడమంటున్న. సార్ చెప్పినట్టు."

పడింది. లేచింది. మళ్ళీ పడింది. తరవాత బొంత తీసేసి చాప మీద. తరవాత చాప తీసేసి. కింద ఇంటి వాళ్ళు వచ్చి ఏం చప్పుడమ్మా అంటే, ఆడుకుంటోంది అన్నాను. నువ్వు కూడా పడు నానమ్మా అంది. పడ్డాను. పడటం సులువే. లేవటానికి మోకాళ్ళ మీదికి వచ్చి అక్కడే చాలాసేపు ఉండిపోయాను. మోకాళ్ళ మీద ఉన్నాను కదా అని ప్రార్థన కూడా చేసుకున్నాను.

సంగీత నిద్ర లేచి వచ్చి మమ్మల్ని చూసింది. పది రోజులుగా నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. ఈరోజు గోడకు ఆనుకుని నవ్వింది. "అత్తమ్మా, నువ్వు ఎప్పుడు జారినవ్?"

జూన్ 1, ఆదివారం.

మహిమ వీధి చివర కిరాణా దాకా నడిచింది. నేను పక్కన నడిచాను. "నానమ్మా, నువ్వు పట్టుకున్నవ్" అంది. పట్టుకోలేదే, అన్నాను. చూసుకుంటే పట్టుకునే ఉన్నాను.

జూన్ 8, ఆదివారం. చండ్రుగొండ.

నిన్న వచ్చాం. డేవిడ్‌కు సెలవు దొరకలేదు, సంగీత వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. "ఎందుకు రాను? నా సంఘమే గద" అంది.

చర్చిలో చాపల మీద ఆడవాళ్ళ వైపు మధ్యలో కూర్చుంది, వెనక కాదు. అందరూ చూశారు. మంగమ్మ జరిగి జరిగి మా దగ్గరికి వచ్చి సంగీత చెయ్యి పట్టుకుంది. "వచ్చినవా తల్లీ. మా ప్రార్థన ఊరికే పోలే" అంది, కంటనీళ్ళతో. సంగీత నా వైపు చూసింది. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

సాక్ష్యాల సమయం వచ్చింది. అయ్యగారు "ఎవరైనా ఉన్నారా?" అన్నారు. మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన నన్నే చూస్తున్నారు. రాత్రే మనసులో వరసగా అనుకున్నాను ఏం చెప్పాలో. లేవబోయాను. మళ్ళీ కూర్చుండిపోయాను. నేను మైకు పట్టుకుని ఎన్నడూ మాట్లాడలేదు. మైత్రిలో కూడా వెనక నుంచి మెల్లగా చదువుతాను.

నా పక్కన ఖాళీ అయింది. మహిమ లేచింది.

ఆడవాళ్ళ చాపలకు, మగవాళ్ళ చాపలకు మధ్య పొడుగ్గా దారి వదులుతారు. పట్టుకోవటానికి ఏమీ ఉండదు. మహిమ ఆ దారిలోకి దిగింది. ట్రాలీ మీద నుంచి పడ్డ పిల్ల ఇదేనని అందరికీ తెలుసు. మొన్న ఏప్రిల్ వరకు నా చంకలో చూశారు. పాటల పుస్తకాల చప్పుడు కూడా ఆగిపోయింది.

సగం దారిలో చాప అంచు కాలికి తట్టింది. పడింది.

అటు ఇటు చేతులు లేచాయి. "ఎవ్వరు పట్టుకోవద్దు!" అని ఆయన గొంతు. చర్చిలో ఆయన అంత గట్టిగా అరవటం నేను వినలేదు. లేచిన చేతులు లేచినట్టే ఆగిపోయాయి. నావి ఒడిలో ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని.

పిడికిళ్ళు. మోకాళ్ళు. ఒక పాదం. లేచింది. ముందుకు పోయింది.

అయ్యగారు మైకు కిందికి వంచారు.

"అందరికి వందనాలు. నా పేరు మహిమ. జారింది నేను, మా అమ్మ కాదు. హైదరాబాదుల మంచు ఉంటది, మా నాన్న చేస్తడు. దాని మీద జారిన. శానసార్లు పడ్డ. మా సార్ ముందు పడుడే నేర్పిండు. తరవాత లేసుడు. మా నానమ్మ కూడ పడ్డది. వందనాలు."

మగవాళ్ళ వైపు ఎవరో "ఆమెన్" అన్నారు. అప్పుడు అందరూ అన్నారు.

బయటికి వచ్చాక మంగమ్మ నన్ను వేపచెట్టు దగ్గర నిలదీసింది. "మంచు అని ఒక్క మాట చెప్పొద్దా విశ్రాంతమ్మా! ఆ ఎండల ఉపవాసాలుండి కండ్లు తిరిగి పడ్డ నేను." తరవాత సంగీత వైపు తిరిగింది. నోరు తెరిచి, మూసి, చెంగు సర్దుకుని, "బిడ్డా, నేను జెర తొందరపడ్డ" అంది. మంగమ్మ నోట ఆ మాట రావటం చిన్న సంగతి కాదు.

సంగీత మంగమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా కోసం పస్తులున్నవ్ గద పిన్నీ" అంది. "రా, మా ఇంట్ల తిందువు గాని. మళ్ళెప్పుడన్న నా మీద అనుమానమొస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి. ప్రార్థన తరవాత."

మంగమ్మ వచ్చింది. కోడికూర రెండుసార్లు వేయించుకుంది.

జూన్ 11, బుధవారం.

ఆయన సున్నం తెచ్చారు. నడవా గోడకు వేస్తుంటే ఆ నల్లటి చార దగ్గర ఆగి, "ఇది ఉంచుదామా?" అన్నారు. వెయ్యండి అన్నాను.

జూన్ 12, గురువారం.

బడి తెరిచారు. కొత్త గౌను, భుజాన సంచి. గేటు దగ్గర పెద్ద టీచరమ్మ నిలబడి ఉంది. మహిమ ఆవరణ మధ్యలో నుంచి నడిచిపోయింది. మెట్ల దగ్గర ఆగింది. పక్కన గోడ ఉంది. అటు చూసింది. సంచి సర్దుకుని మధ్యలో నుంచే ఎక్కింది. వెనక్కి తిరగలేదు.

గంట కొట్టి పిల్లలంతా పైకి పోయాక టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది. "ఇంక పోవచ్చు విశ్రాంతమ్మా, గేటు వదిలిపెట్టు, మూసుకోవాలె" అంది.

పట్టుకోలేదు. ఊరికే చెయ్యి ఆనించాను.